రాయగడలో తెల్ల బొచ్చుకుక్కతో కాపురం: మా చిట్టి గురించి ఉన్నది ఉన్నట్టు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం వైపు మన తెలుగు ఇళ్లలో పిల్లలు బొచ్చుకుక్క కావాలని మారాం చేస్తుంటే తెద్దామా వద్దా అని చాలామంది అడుగుతుంటారు. ఏళ్ల తరబడి పెంచుతున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, తెచ్చుకోండి, కానీ రోజూ కాసేపు దువ్వెన పట్టే ఓపిక ఇంట్లో ఒక్కరికైనా ఉంటేనే.

మాకు అమ్మినాయన ప్యూర్ పామేరియన్ అనే చెప్పాడు, ధర కూడా ఆ లెక్కనే తీసుకున్నాడు. పెరిగాక తూకం వేస్తే ఆరు కిలోల పైమాటే. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణంలో పామేరియన్ బరువు 3 నుంచి 7 పౌండ్లు, అంటే గట్టిగా 3.2 కిలోలు. మన దగ్గర ఆ పేరుతో తిరిగే తెల్లకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అబద్ధం చెప్పి అమ్మినందుకు నాకు ఇప్పటికీ కోపమే, కానీ కుక్క విషయంలో మాత్రం ఏ లోటూ లేదు, ఎందుకంటే స్పిట్జ్ తరతరాలుగా మన ఎండలకి అలవాటు పడిన జాతి.

ఇక బొచ్చు సంగతి. అది రెండు పొరలు. పైన నిటారుగా ఉండే వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తటి పొర. పైపైన దువ్వితే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల మాత్రం చెవుల వెనక, ముందుకాళ్ల చంకల్లో, తోక కింద చిక్కులు గట్టిపడిపోయి చర్మాన్ని లాగేస్తుంటాయి, పాపం నోరు తెరిచి చెప్పలేదు కదా. అందుకే బొచ్చుని పాయలుగా విడదీసి, చర్మం కనపడేదాకా తీసి, స్టీల్ దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టాలి. స్నానం చిక్కులు తీశాకే, తడిస్తే అవి ఇంకా బిగుసుకుంటాయి. బొచ్చు రాలే రోజుల్లో ఇల్లంతా అదే. మా అత్తయ్య చిట్టిని పూజగది గడప దాటనివ్వరు, వెంట్రుక మాత్రం దీపపు కుందె దాకా వెళ్లిపోతుంది.

ఎండాకాలం వస్తే చాలు, "గుండు కొట్టించెయ్యండమ్మా, ఉక్కపోస్తుంది దానికి" అనేవాళ్లే అందరూ. దయచేసి ఆ పని చెయ్యకండి. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడంతోనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది, పై బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. పైగా ఒకసారి నున్నగా గీయిస్తే కొన్నిటికి మళ్లీ సరిగ్గా రాదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. లోపలి పొరని బాగా దువ్వి పల్చన చేస్తే చాలు. వాకింగ్ ఎండెక్కకముందే అయిపోవాలి, తారు రోడ్డు మీద మన అరచెయ్యి ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనవు. కరెంటు పోయినప్పుడు తడి తువ్వాలు నేల మీద పరిస్తే అదే వచ్చి పొట్ట ఆనించి పడుకుంటుంది.

వానాకాలం నాకు ఎండాకాలం కంటే ఎక్కువ టెన్షన్. చుట్టూ కొండలు, గడ్డి, పశువులు, దాంతో పిడుదులు. అంత బొచ్చులో అవి కంటికి కనపడవు, చెవుల లోపల, వేళ్ల మధ్య చేత్తో తడిమి చూడాల్సిందే. ఒక వర్షాకాలం చిట్టి అన్నం ముట్టడం మానేసి మూల చేరింది, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. రక్త పరీక్షలో టిక్ ఫీవర్ అని తేలింది, అంటే పిడుదులు కుట్టి వచ్చే జ్వరం, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. డాక్టరుగారిచ్చిన మందుల కోర్సు మొత్తం వాడాక కోలుకుంది, ఆ రాత్రుళ్లు మాత్రం ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అప్పట్నుంచి పిడుదుల మందు నెల తప్పనివ్వం.

అరుపు ఎక్కువే, గేటు చప్పుడైతే చాలు. అపార్ట్‌మెంట్ వాళ్లు ఆలోచించుకోండి. తెలివి మాత్రం అమోఘం, మేం "కూర్చో" అన్నా, పనికొచ్చే ఒడియా అమ్మాయి "బొసొ" అన్నా టక్కున కూర్చుంటుంది.

తిండి దగ్గర ఇంటికొచ్చే చుట్టాలకి కూడా గట్టిగా చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ అయితే కిడ్నీలకే ప్రమాదం. ఒడియావాళ్ల రొజొ పండక్కి పక్కింటి మావుసి (పిన్నిగారు) ప్రేమగా తెచ్చే పొడొ పిఠా అనే తీపి పిండివంటలో కిస్‌మిస్ ఉంటుంది, ఆవిడ చిట్టికీ ఓ ముక్క పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్, అన్నం, కాస్త గుమ్మడికాయ, మధ్యలో డాగ్ ఫుడ్, ఇదీ దాని భోజనం.

ఈ చిన్నకుక్కలకి మోకాలి చిప్ప పక్కకి తొలిగే ఇబ్బంది ఉంటుంది, నున్నటి టైల్స్ మీద జారితే అది ఇంకా ఎక్కువవుతుంది, సోఫా దగ్గర ఒక పట్టా వేసెయ్యండి. మెడకి బెల్టు బదులు ఛాతీకి వేసే హార్నెస్ కొనండి.

సెలవులకి విజయనగరం వెళ్లాలంటే కారే మాకు సుఖం. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకోవాలి, లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల బాక్సులో పెట్టాలి, చిట్టిని ఆ బాక్సులో ఒంటరిగా పెట్టే ధైర్యం నాకు లేదు. ఏ దారిన వెళ్లినా రేబిస్ టీకా కార్డు మాత్రం బ్యాగులో ఉంచుకోండి.