కమాండ్ దానంతటదే పోవాలా, మనం పంపాలా: ఏది మేలు?

మధురవాడ ఐటీ కొండ మీద నైట్ షిఫ్టు చేసేవాళ్లకి ఈ తంతు తెలిసిందే. క్లయింటుకి నాలుగు మెయిన్‌ఫ్రేమ్‌లు (పెద్ద కంప్యూటర్లు), నాలుగింటికీ విడివిడిగా రాక్ఎఫ్ డేటాబేసులు. ఎవరు లోపలికి రావచ్చో, ఏది వాడొచ్చో చూసే సెక్యూరిటీ సాఫ్ట్‌వేరే రాక్ఎఫ్. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఐడీని నాలుగు చోట్లా రివోక్ చెయ్యాలి, అంటే ఇక లాగాన్ కాకుండా ఆపెయ్యాలి. మూడు చేసి, టీకి లేచి, నాలుగోది మర్చిపోతాం. ఆడిట్‌లో దొరికేది ఆ నాలుగోదే.

చాలాకాలం జేసీఎల్‌తోనే (మెయిన్‌ఫ్రేమ్‌కి జాబ్ అప్పజెప్పే స్క్రిప్టు) లాగించాం. కమాండ్లన్నీ ఒక జాబ్‌లో పెట్టి ఎన్‌జేఈ (సిస్టమ్‌ల మధ్య జాబ్‌లు పంపే దారి) మీద అవతలికి తోసెయ్యడం. దీనికి వేరే సెటప్ పెద్దగా అక్కర్లేదు. కానీ యూజర్ లాగాన్ స్క్రీన్‌లో తనే మార్చుకున్న పాస్‌వర్డ్ ఏ జేసీఎల్‌కీ అందదు. "నిన్న మార్చానండీ, రెండో సిస్టమ్ తీసుకోవట్లేదు" అని తెల్లారకుండానే ఫోన్.

రాక్ఎఫ్ డేటాబేసుల మధ్య కమాండ్లు పంపే ఆర్ఆర్ఎస్ఎఫ్‌లో ఆటోమేటిక్ డైరెక్షన్ (కమాండ్ దానంతటదే పోవడం) పెట్టాక ఆ ఫోన్లు తగ్గాయి. ఏ కమాండ్ ఏ నోడ్‌కి (సిస్టమ్‌కి) పోవాలో ఆర్ఆర్ఎస్ఎఫ్‌డేటా క్లాసులో ప్రొఫైల్ (రూలు) రాసుకుంటే చాలు, ఇక్కడ కొట్టిన ఆల్ట్‌యూజర్ (యూజర్ వివరాలు మార్చే కమాండ్) అక్కడికీ వెళ్తుంది. పాస్‌వర్డ్ మార్పుకీ విడిగా ప్రొఫైల్ ఉంది. అవతలి సిస్టమ్ ఐపీఎల్‌లో (రీస్టార్ట్‌లో) ఉంటే కమాండ్ ఇక్కడి వర్క్‌స్పేస్ ఫైల్లో కాచుకుని, లింకు రాగానే బయల్దేరుతుంది.

తప్పు కూడా అంతే బుద్ధిగా వెళ్తుంది. ఒక రాత్రి నేను ఐడీలో ఒక్క అక్షరం తప్పు కొట్టి, మనిషికి బదులు, జాబ్‌లు నడిపే బ్యాచ్ ఐడీని రివోక్ చేశాను. నాలుగు చోట్లా జాబ్‌లు పడిపోయాయి. రివోక్‌ని ఎత్తేసే రిజ్యూమ్ కూడా అలాగే నాలుగు చోట్లకీ వెళ్లిందనుకోండి, జాబ్‌లు మళ్లీ నడిపేసరికి మాత్రం రుషికొండ వైపు తెల్లారింది.

అందుకే నా లెక్కలో యూజర్లు, పాస్‌వర్డ్‌లు ఆటోమేటిక్‌కి వదిలెయ్యొచ్చు. టెస్టుకీ ప్రొడక్షన్‌కీ తేడా ఉండాల్సిన డేటాసెట్ పర్మిట్లని (ఏ ఫైలు ఎవరు వాడొచ్చో చెప్పేవి) మాత్రం చేత్తో, నోడ్ పేరు చెప్పి పంపాలి. కమాండ్‌లో ఏటీ అని నోడ్ పేరు పెడితే, అది అక్కడికి చేరాక, అక్కడి ఆటోమేటిక్ ప్రొఫైళ్లని బట్టి మళ్లీ ఇంకో చోటికి పాకగలదు. ఒక్కచోటే ఆగాలంటే ఓన్లీఏటీ వాడాలి, దానికి రాక్ఎఫ్‌లో స్పెషల్ అనే అడ్మిన్ అధికారం కావాలి.

ఇంకోటి, పాత తేడాలని ఆర్ఆర్ఎస్ఎఫ్ సరిచెయ్యదు. ఆన్ చేసే ముందు మేం నాలుగు డేటాబేసుల అన్‌లోడ్‌లూ (మామూలు ఫైల్లోకి దింపిన కాపీలు) పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే ఐడీ మొదటిదాంట్లో ఒకరిది, మూడోదాంట్లో వేరొకరిది. అలాగే ఆన్ చేసుంటే ఒకరు మార్చిన పాస్‌వర్డ్ రెండోవాళ్లకి అంటుకునేది.