రిట్రాక్టబుల్ లీష్: మైదానానికి సరే, లిఫ్టుకి వద్దు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, సర్జాపుర రోడ్డు వైపు ఏ పెట్ షాపులో అడుగుపెట్టినా కౌంటర్ పక్కనే వేలాడుతుంటుంది రిట్రాక్టబుల్ లీష్, అంటే తాడు సాగి మళ్ళీ దానంతటదే లోపలికి చుట్టుకునే కుక్క పట్టీ. పిడికిట్లో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, బొటనవేలి కింద ఒక బటన్, లోపల 3 మీటర్లో 5 మీటర్లో తాడు. కుక్కపిల్లని కొత్తగా ఇంటికి తెచ్చుకున్నవాళ్ళ చేతిలో షాపువాళ్ళు ముందు పెట్టేది దీన్నే. "కుక్క ఫ్రీగా తిరుగుతుందండీ" అంటారు. ఆ మాట నిజమే, చిక్కు కూడా అక్కడే ఉంది. 1970ల్లో జర్మనీ కంపెనీ ఫ్లెక్సీ మార్కెట్లోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడు పదుల బ్రాండ్లున్నాయి కాబట్టి ఒక బ్రాండు గురించి కాకుండా ఈ రకం గురించే చెబుతున్నాం.

డబ్బా లోపల చుట్టగా చుట్టిన స్టీలు స్ప్రింగు ఉంటుంది, దానిమీద తాడు చుట్టిన చక్రం. కుక్క ముందుకెళ్తే స్ప్రింగు బిగుస్తుంది, వెనక్కొస్తే తాడుని లాగేసుకుంటుంది. బటన్ నొక్కితే చిన్న పన్ను ఒకటి చక్రం గాడిలో పడి ఆపుతుంది. కుక్క మెల్లగా నడుస్తున్నప్పుడు ఆ పన్ను చక్కగా పడుతుంది. పిల్లి కనబడి పరుగందుకున్నాక చక్రం గిర్రున తిరుగుతుంటే, పన్ను గాడి అంచుల మీద టకటకమని జారుతుంది. ఆ టకటక వినబడేసరికే రెండు మీటర్లు పోయి ఉంటాయి. చవక రకాల్లో పన్నూ ప్లాస్టిక్కే కాబట్టి కొన్నాళ్ళకి అంచు గుండ్రంగా అరిగిపోతుంది.

మైదానంలో ఇదంతా పెద్ద విషయం కాదు. అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర ప్రాణాల మీదికొస్తుంది. కుక్క లోపలికి దూరింది, మనిషి ఇంకా కారిడార్‌లో ఉన్నాడు, తలుపు మూసుకుంది. చాలా లిఫ్టుల్లో తలుపుని ఆపే సెన్సర్‌కి సన్నటి తాడు ఆనదు. లిఫ్టు కదిలితే తాడు సాగుతూనే పోతుంది, అయిపోయాక బిగిసేది మెడకే. మామూలు లీష్‌తోనూ ఈ ప్రమాదం ఉంది. కానీ ఐదడుగుల లీష్‌తో కుక్క మన కాలి పక్కనే ఉంటుంది కాబట్టి ఇద్దరూ కలిసే ఎక్కుతారు. ఎలా ఎక్కాలంటే, లీష్‌ని చేతిలో మడిచి పొట్టిగా పట్టుకుని, కుక్కని గోడ మూల వైపు కూర్చోబెట్టి, దానికీ మిగతావాళ్ళకీ మధ్య మీరు నిలబడాలి. లోపల పిల్లలుంటే ఆ లిఫ్టు వదిలేసి తర్వాతది ఎక్కడం మంచిది. పక్కింటివాళ్ళ ధైర్యానికి "మొరిగే కుక్క కరవదు" అనే సామెత చెప్పకండి. భయపడ్డ కుక్క మొరుగుతుంది, తప్పించుకునే చోటు లేకపోతే కరుస్తుంది కూడా. లిఫ్టులో తప్పించుకునే చోటు ఉండదు.

డబ్బా లీష్‌లలో సన్నటి తాడు రకం, చదునైన టేపు రకం అని రెండున్నాయి. తాడు రకం వద్దేవద్దు. కుక్క పరిగెత్తుతుంటే కంగారులో ఆ తాడుని చేత్తో పట్టుకుంటారు, అరచేయి కాలినట్టు తోలు లేచిపోతుంది. వేలికి చుట్టుకుంటే వేలే తెగే ప్రమాదముంది. పిల్లల పిక్కల చుట్టూ తిరిగితే కోసుకుపోతుంది. టేపు రకం కాస్త నయం, కానీ వానాకాలంలో తడి టేపుని అలాగే లోపలికి పోనిస్తే స్ప్రింగు తుప్పు పడుతుంది, ఇసుక చేరితే చక్రం పట్టేస్తుంది. తడిసిన రోజు ఇంటికి రాగానే టేపు మొత్తం బయటికి లాగి, లాక్ చేసి, రాత్రంతా ఆరబెట్టాలి. ఇక కుక్క కాలర్‌కి తగిలించే కొక్కెం సంగతి. 2008లో అమెరికాలో స్లైడాగ్ అనే బ్రాండువి దాదాపు 2,23,000 లీష్‌లు వెనక్కి రప్పించారు. కొక్కెం విరిగి, స్ప్రింగు లాగుడుకి మనిషి మీదికే ఎగిరొచ్చిందని.

ఇంకో లోపం చాలామందికి తట్టదు. డబ్బా చేయి జారితే గచ్చు మీద దడదడమంటూ కుక్క వెంటపడుతుంది. కుక్క బెదిరి పరిగెత్తుతుంది, ఎంత పరిగెత్తితే అంత తరుముతుంది. వీధికుక్కలున్న సందులో అలా దూసుకెళ్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పైగా స్ప్రింగు ఎప్పుడూ మెడని కాస్త లాగుతూనే ఉంటుంది కాబట్టి, ముందుకి లాగితేనే తాడు వస్తుందని కుక్క నేర్చుకుంటుంది. లాగొద్దని నేర్పించాల్సిన వయసులో దీన్ని తగిలించడం చేతులారా చెడగొట్టుకోవడమే.

దాని బదులు 5 నుంచి 6 అడుగుల మామూలు నైలాన్ లీష్ కొనండి. లాబ్రడార్ సైజుకి 25 మిల్లీమీటర్ల వెడల్పు, ఇండీ (మన నాటు కుక్క) లేదా బీగిల్ సైజుకి 20 సరిపోతుంది. షాపులోనే చూడాల్సినవి: కొక్కెం దగ్గర కుట్టు చదరంలో గుణకారం గుర్తులా ఉండాలి, ఒకే వరస కుట్టు ఉంటే పక్కన పెట్టేయండి. కొక్కెం మెడ దగ్గర తిరిగే భాగాన్ని గట్టిగా లాగి తిప్పి చూడండి, వదులుగా ఊగితే అక్కడే ఊడుతుంది. హార్నెస్ (మెడకి బదులు ఛాతీకి తొడిగే పట్టీల జత) కొంటే, అది ముందునుంచి చూస్తే ఇంగ్లీషు వై ఆకారంలో ఉండాలి. భుజాలకి అడ్డంగా పోయే పట్టీ ఉన్నది వద్దు, నడకని పట్టేస్తుంది. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. మూడు దూరితే, వెనక్కి నడిచి జారిపోవడానికి కుక్కకి నిమిషం పట్టదు.

మజిల్, అంటే కరవకుండా మూతికి తొడిగేది, కావాలంటే బుట్ట రకమే. మూతిని బిగించే గుడ్డ రకంలో కుక్క నోరు తెరిచి రొప్పలేదు. కుక్కకి ఒళ్ళు చల్లబడేది ప్రధానంగా రొప్పితేనే, కాబట్టి ఎండలో అది తగిలించి నడిపిస్తే వడదెబ్బే. ఏ మజిలైనా మొదటిరోజే తొడగకూడదు. బుట్ట అడుగున కాస్త పెరుగు రాసి, కుక్క తనంతట తానే మూతి పెట్టేదాకా ఆగాలి. పట్టీ పెట్టడం తర్వాత, అదీ మొదట్లో ఐదారు సెకన్లే.

ఏ లీష్ అయినా పట్టుకున్న మనిషిదే బాధ్యత. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, మనుషుల ప్రాణానికి గానీ పెద్ద గాయానికి గానీ దారితీసేలా జంతువుని నిర్లక్ష్యంగా వదిలితే ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒకవేళ ఎవరికైనా కుక్క పన్ను తగిలితే, ఎంత చిన్న గీరుడైనా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి. చర్మంలోపల వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం కారిన గాయానికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయాలి.

ఇప్పటికే డబ్బా లీష్ కొనేసినవాళ్ళు పారేయనక్కర్లేదు, గోడ కట్టిన ఖాళీ మైదానానికి పనికొస్తుంది, అదీ హార్నెస్‌తోనే. ముందు ఇంట్లోనే పరీక్షించండి. ఒకటిన్నర మీటర్ దగ్గర లాక్ చేసి, ఇంకొకరిని కొక్కెం పట్టుకుని ఒక్క కుదుపుతో లాగమనండి. పదిసార్లలో ఒక్కసారి లాక్ జారినా అది చెత్తబుట్టకే. డబ్బా మీద రాసిన బరువు పరిమితి కూడా చూడండి. 12 కిలోలని రాసినదాన్ని 20 కిలోల కుక్కకి తగిలించి, తెగాక షాపువాళ్ళతో పోట్లాడితే లాభం లేదు.