సంస్థ దారి మార్చుకోవాలంటే సూత్రం ముందా, కొలత ముందా? ఏది మేలు?

మా స్వచ్ఛంద సంస్థ నడిపే సాయంత్రం చదువు కేంద్రాల పాత హాజరు పట్టీలు తిరగేస్తుంటే ఒక అమ్మాయి పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఏడో తరగతిలో ఉండాల్సిన వయసు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఒక్క సాయంత్రం కూడా మానలేదు. అప్పట్లో ఆ పట్టీని దాతలకు చూపించి శభాష్ అనిపించుకున్నాం. ఆ మూడు నెలలూ ఆ పిల్ల పగలంతా విత్తన పత్తి చేలో క్రాసింగ్ పనికి, అంటే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో అద్దే పనికి, పోయేదని మాకు తెలుసు. వాళ్లమ్మ దాచలేదు. "పగలు చేనుకు పోతది, పొద్దుగూకినంక మీ తాన చదువుకుంటది గద సార్, ఇంకేం గావాలె?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. మా ఆశయపత్రంలో "పేద పిల్లలకు నాణ్యమైన విద్య అందించడం" అని రాసి ఉంది. ఆ వాక్యం ప్రకారం మేం చేసిన తప్పేమీ లేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

ఈ ఏడు మా కార్యవర్గం ఆశయం, విలువలు, నాయకత్వ పద్ధతి మూడూ మళ్లీ రాసుకోవాలని కూర్చుంది. ఎవరి దారిలో నడవాలన్న దగ్గర మాటలు పెరిగాయి. కొందరు మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పేరు చెప్పారు, మనందరం ఎం.వి. ఫౌండేషన్ అని పిలిచేదే. కొందరు ప్రథమ్ అన్నారు. ఒకాయన రిషి వ్యాలీ ఫొటోలు పట్టుకొచ్చారు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను. పది ఊళ్లలోపు పని చేసే మాలాంటి చిన్న సంస్థలు చాలా ఉన్నాయి, వాళ్లకు పనికొస్తుందని.

ముందు సూత్రం: ఎం.వి. ఫౌండేషన్ దారి

ఈ సంస్థ పుట్టుకతోనే బాలకార్మికుల కోసం పని చేసింది కాదు. 1981లో వెంకటరంగయ్య గారి స్మృతిగా, అధ్యయనాల కోసం పెట్టినది. ఆయన మనవరాలు శాంతా సిన్హా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. కార్మికులకు చదువు చెప్పే శ్రామిక విద్యాపీఠం తరఫున రంగారెడ్డి జిల్లా వెట్టి కూలీల మధ్య తిరుగుతున్నప్పుడు, ఆ కూలీల్లో ఎంతోమంది పిల్లలేనని ఆమె గమనించారు. 1991లో ఫౌండేషన్ పూర్తిగా ఆ పనిలోకి దిగింది. పుట్టిన పదేళ్లకు ఒక సంస్థ తన పనినే మార్చుకుందన్నమాట. "మన మూలాలు పోతాయేమో" అని భయపడే కార్యవర్గ సభ్యులకు నేను ముందుగా చెప్పేది ఇదే.

ఆ తర్వాత వాళ్లు కొన్ని రాజీలేని సూత్రాలు రాసుకున్నారు. పిల్లలందరూ పూర్తికాలం పగటి బడిలోనే ఉండాలి. బడి బయట ఉన్న ఏ బిడ్డయినా బాలకార్మికుడే. పిల్లలతో చేయించే ఏ పనయినా హానికరమే. బాలకార్మిక వ్యవస్థను అదుపులో పెడతామనే చట్టాన్ని ఒప్పుకోకూడదు, ఆ వ్యవస్థను సమర్థించే ఏ వాదననూ సహించకూడదు.

ఇవి చదవడానికి తేలిక. ఆ రోజుల్లో వీటిని అనడం ఎంత కష్టమో గుర్తు చేసుకోవాలి. 1986 నాటి బాలకార్మిక చట్టం ప్రమాదకరమైన పనులు వేరు, మిగతావి వేరు అంది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం పని చేసే పిల్లలకు అనియత విద్యా కేంద్రాలు, అంటే మామూలు బడి బయట వాళ్ల వీలును బట్టి నడిచే కేంద్రాలు, పెట్టమంది. చట్టమూ విధానమూ రెండూ "పని చేసుకుంటూ చదువుకోనివ్వండి" అంటున్న కాలంలో ఈ సంస్థ కాదంది. పేదరికం తగ్గితేనే పిల్లలు బడికి వస్తారన్న మాటనూ ఒప్పుకోలేదు. పని మాన్పించిన పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో ఉంచి చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో ప్రభుత్వ బడిలోనే కూర్చోబెట్టారు. పోటీగా సొంత బడులు పెట్టడం కాక, ఉన్న సర్కారు బడి నిలబడేలా చూడటం వాళ్ల పద్ధతి. ప్రభుత్వ టీచర్లే బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడటానికి కారణం అదేనని నా నమ్మకం. మనతో పోటీ పడేవాడు మనకు తోడు రాడు కదా.

2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంది. ఆ సెక్షను చదివినప్పుడల్లా నాకు రంగారెడ్డి జిల్లా క్యాంపులే గుర్తొస్తాయి.

లోటు లేదా అంటే ఉంది. బడిలో కూర్చున్న బిడ్డ ఏం నేర్చుకుంటోందన్న ప్రశ్నకు ఈ సూత్రాల్లో నేరుగా జవాబు లేదు. ఇంకో దారి మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ముందు కొలత: ప్రథమ్ దారి

1995లో ముంబై మురికివాడల్లో బాల్వాడీలతో ప్రథమ్ మొదలైంది. మాధవ్ చవాన్, ఫరీదా లాంబే స్థాపకులు. బడిలో చేరే పిల్లలు పెరిగారు, కానీ బడిలో ఉన్నవాళ్లకు చదవడం రావడం లేదు. అప్పుడు ఆశయ వాక్యానికి ఇంకో ముక్క తోడైంది: ప్రతి బిడ్డా బడిలో ఉండాలి, బాగా నేర్చుకోవాలి. ఆ "బాగా నేర్చుకోవాలి" అన్న ముక్కే సంస్థ పనినంతా తిప్పేసింది.

2005లో అసర్ సర్వే వచ్చింది, పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే ప్రథమ్ సర్వే. ఒక వలంటీరు ఇంటికొచ్చి బిడ్డ పక్కన కూర్చుంటాడు. చేతిలో ఒక కాగితం. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. ఎంతవరకు చదవగలిగితే అక్కడ టిక్కు. ఇంత మామూలు పరికరం దేశం నోరు మూయించింది. 2018లో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో 50.5 శాతం మంది మాత్రమే రెండో తరగతి పాఠం చదవగలిగారు. కరోనా తర్వాత, 2022లో అది 42.8కి పడిపోయింది. అదే 2022లో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 98.4 శాతం మంది బడుల్లో పేరు నమోదైనవాళ్లే. మా హాజరు పట్టీలాంటి పట్టీల్లో దేశం దాదాపు నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నట్టే లెక్క.

ప్రథమ్‌లో నాకు బాగా నచ్చింది సర్వే కాదు. తమ ప్రయత్నాల్లో పని చేయనిదాన్ని బయటపెట్టుకునే ధైర్యం. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఆర్థికవేత్తలతో కలిసి ఒక పరీక్ష జరిపారు. గ్రామ విద్యా కమిటీల గురించి, పిల్లల చదువు స్థాయి గురించి ఊళ్లకు సమాచారం ఇస్తే జనం బడిని పట్టించుకుంటారా అని. పట్టించుకోలేదు. వలంటీర్లు నడిపిన చదువు శిబిరాలకు వచ్చిన పిల్లలకు మాత్రం చదవడం వచ్చింది, కానీ వచ్చినవాళ్లే తక్కువ. ఈ ఫలితాన్ని రాసిన వాళ్లలో ప్రథమ్ మనిషి రుక్మిణీ బెనర్జీ కూడా ఉన్నారు. మన వార్షిక నివేదికల్లో "అనుకున్నది జరగలేదు" అన్న వాక్యం ఎప్పుడైనా చూశామా? పదిహేనేళ్ల మా నివేదికలు వెతికాను. ఒక్కటి కూడా లేదు.

తరగతిని బట్టి కాకుండా వచ్చిన చదువును బట్టి పిల్లల్ని గుంపులు చేసి నేర్పే వాళ్ల పద్ధతి ఇప్పుడు ఇతర దేశాలకూ పాకింది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా చదవడం, రాయడం, లెక్కలనే పట్టుకుంది కాబట్టి మన టీచర్లకు ఈ భాష కొత్త కాదు.

మరి లోటు? కొలిచేదే పనిగా మారిపోతుంది. ఆ క్రాసింగ్ పిల్లను తీసుకోండి. మా కేంద్రంలో ఆమె బాగానే చదివేది. అసర్ కాగితం ఇస్తే కథ గడగడా చదివి ఉండేది. కొలత మాత్రమే చూసుకునే సంస్థకు ఆమె విజయగాథ. ఎం.వి. ఫౌండేషన్ సూత్రం ముందు పెట్టుకున్న సంస్థకు ఆమె బాలకార్మికురాలు, ఆ సంస్థ నడిపే సాయంత్రం బడి ఆమె పనికి ఊతకర్ర. ఒకే బిడ్డ, రెండు లెక్కలు. ప్రథమ్ ఇలాంటి పిల్లల్ని పట్టించుకోదని నేననడం లేదు, వాళ్ల వాక్యంలో మొదటి ముక్క బడిలో ఉండటమే. ఆ ముక్క వదిలేసి రెండో ముక్క మాత్రమే అరువు తెచ్చుకునే మాలాంటి వాళ్ల గురించే నా భయం.

మూడోది, క్లుప్తంగా

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు పెట్టింది. ఒకే టీచరు, ఒకే గదిలో నాలుగైదు తరగతులు. పద్మనాభరావు, రమ దంపతులు తయారు చేసిన కార్డులతో, నేర్చుకునే నిచ్చెనతో, అంటే మెట్టుమెట్టుగా అమర్చిన పాఠాల వరసతో, ఏ బిడ్డ వేగం ఆ బిడ్డది. సంస్థ పెద్దగా పెరగలేదు, పద్ధతి మాత్రం ఎల్లలు దాటింది. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో దాన్ని అందుకున్నాక తమిళనాడు అంతా పాకింది. కొద్దిచోట్ల లోతుగా పని చేసి, చేసినదాన్ని అందరికీ పంచడం ఈ దారి. నాకు ఎంతో ఇష్టం. కానీ అందుకు ఏళ్ల తరబడి పాఠాల మీదే కూర్చోగల మనుషులు కావాలి. మా దగ్గర లేరు. ఉన్న సంస్థలు దీన్ని వదులుకోవద్దు.

నాయకత్వం దగ్గర

విలువల మీద గంటలు మాట్లాడిన మా సమావేశం నాయకత్వం అనేసరికి పది నిమిషాల్లో ముగిసింది. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు శాంతా సిన్హా తొలి అధ్యక్షురాలిగా వెళ్లారు, 2013 దాకా ఉన్నారు. మూలస్తంభంలాంటి మనిషి ఢిల్లీ వెళ్లినా ఫౌండేషన్ పని ఆగలేదు. ఊళ్లలో పిల్లల ఇళ్లచుట్టూ తిరిగినవాళ్లే అప్పటికి బాధ్యతలు మోస్తున్నారు. ప్రథమ్‌లో 2015లో రుక్మిణీ బెనర్జీ సీఈవో అయ్యారు. 1996 నుంచీ ఆ సంస్థలోనే ఉన్న మనిషి. దారులు ఎంత వేరైనా ఈ ఒక్కచోట రెండూ కలుస్తాయి. రెండో వరస బయటి నుంచి రాలేదు, పనిలోంచే వచ్చింది.

మా దగ్గర చెక్కు మీద సంతకం నుంచి వలంటీరు సెలవు దాకా అన్నీ అధ్యక్షుల వారివే. ఆయన మీద నాకు ఎనలేని గౌరవం. సొంత జీతం డబ్బులతో మొదటి కేంద్రం తెరిచిన మనిషి. కానీ మా వలంటీర్లలో ఎక్కువమంది ఆ ఊళ్ల ఆడపిల్లలే. కార్యవర్గంలో వాళ్లలో ఒక్కరికీ చోటు లేదు. ఆ క్రాసింగ్ పిల్ల సంగతి మొదట చెప్పింది కూడా ఒక వలంటీరే. "సార్, ఈ పిల్ల కూసున్నకాడనే నిద్రపోతుంది" అంది. మేం దాన్ని హాజరుగానే రాసుకున్నాం. నిర్ణయం చేసే గదిలో ఆమె ఉండి ఉంటే ఆ వాక్యం అక్కడితో ఆగేది కాదు.

పట్నం నుంచి చదువుకున్న మేనేజరును తెచ్చుకుందామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. పెద్ద నిధులు, పెద్ద లెక్కలున్న సంస్థకు అది మేలు కావచ్చు. మాకు కాదు. ఆ జీతంతో ఇద్దరు వలంటీర్లను పూర్తికాలం ఉంచుకోవచ్చు.

అయితే మాకు ఏది మేలు?

నా ఓటు సూత్రానికి. ముందు సూత్రం, దాని వెంటనే కొలత. ఈ వరస మారకూడదు. కొలతతో మొదలుపెడితే, సులువుగా మార్కులు పెరిగే పిల్లల వైపే మన కాళ్లు పోతాయి. చేలో ఉన్న పిల్ల దగ్గరకు వెళ్లమని ఏ అంకే చెప్పదు, సూత్రమే చెబుతుంది. అలాగని సూత్రంతోనే ఆగిపోతే, బడిలో చేర్పించి చేతులు దులుపుకుంటాం.

మీ ఊళ్లలో పిల్లలందరూ నిజంగానే పగలు బడిలో ఉంటే మాత్రం నా సలహా వేరు. అప్పుడు ప్రథమ్ దారిలోనే మొదలుపెట్టండి, రేపే ఒక కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్లండి.

సూత్రం రాసుకునేటప్పుడు మేం పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఈ వాక్యం వల్ల మనం ఏం వదులుకోవాల్సి వస్తుంది? "నాణ్యత, నిబద్ధత, పారదర్శకత" అని రాసుకుంటే ఏదీ వదులుకోనక్కర్లేదు. "పగలు పనికి పోయే బిడ్డను మా సాయంత్రం కేంద్రంలో చేర్చుకుని ఊరుకోం, పగటి బడిలో చేర్పించేదాకా వెంటపడతాం" అని రాసుకుంటే మా కేంద్రాల్లో రెండు మూతపడవచ్చు. విత్తన పత్తి రైతులతో, ఊరి పెద్దలతో మాట పడాల్సి వస్తుంది. హాజరు సంఖ్య చూసి డబ్బిచ్చే దాత ఒకరు ఇప్పటికే ఫోన్ చేసి "మరి పిల్లలు తగ్గుతారు కదా" అన్నారు. తగ్గుతారు. ఆయనకు అదే చెప్పాం.

ఒక చిన్న మాట, తీర్మానాల పుస్తకం రాసేవాళ్ల కోసం. సొసైటీగా నమోదైన సంస్థ ఆశయాలు మార్చాలంటే కార్యవర్గం తలూపితే చాలదు. సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేసి రిజిస్ట్రారుకు పంపాలి. ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటే ఆ శాఖకూ గడువులోగా తెలపాలి. మీ ఆడిటరును ముందే కూర్చోబెట్టుకోండి.

మా సర్వసభ్య సమావేశం మే నెలలో. వలంటీర్లలోంచి ఇద్దరిని కార్యవర్గంలోకి తీసుకోవాలన్న తీర్మానం నేనే పెడుతున్నాను, అధ్యక్షుల వారు బలపరుస్తానన్నారు. జూన్‌లో బడిబాట మొదలయ్యేలోగా మా ఊళ్లలో బడి బయట ఉన్న పిల్లల పేర్లు ఇంటింటికీ తిరిగి రాసుకోవాలి. ఆ పాత హాజరు పట్టీలో ఉన్న అమ్మాయికి ఇప్పుడు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. పెద్దదానికి ఈ ఏడు ఐదేళ్లు నిండుతాయి. జాబితాలో మొదటి పేరు అదే రాసుకున్నాను.