ఒంగోలు పెళ్లిమేళం: బదులొచ్చిన సన్నాయి బాగుంది, శ్రుతే కుదరలేదు

ఇంగ్లండ్ బ్యాండు బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ జబ్బుపడితే 1964 జూన్ 4న కోపెన్‌హేగన్‌లో బీటిల్స్‌కి డ్రమ్స్ వాయించింది జిమ్మీ నికోల్. ముందురోజే స్టూడియోలో పాటలు కలిపి చూసుకున్నారు. మన మేళాలవాళ్లు ఆ ఒక్క పనీ మానేస్తున్నారు.

ఈ ఒంగోలు మేళం బదులుగా పంపిన రెండో సన్నాయి మంచి విద్వాంసుడు. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన కరవది పక్క ఊళ్లో వినదగ్గ వాయిద్యమే. కానీ ప్రధాన సన్నాయి శ్రుతి రెండు కట్టలు (కట్ట అంటే శ్రుతి ఎత్తుకి కొలత), ఈయనది రెండున్నర. పీక (నోట పెట్టి ఊదే రెల్లు ముక్క) మార్చినా, ఊపిరి తగ్గించినా అర కట్ట తేడా శుభ్రంగా కలవదు. పై స్థాయిలో మరీ గీరుకుంటుంది.

బయానా ఇచ్చేటప్పుడే శ్రుతి అడగండి. పందిట్లో ముందుగా ఒక కీర్తన కలిపి వాయించమనండి. గట్టిమేళానికి సైగ ఎవరిస్తారో బదులొచ్చిన డోలాయనకూ చూపించండి. తెలియకపోతే తాళి కట్టాక మోగుతుంది. ధర న్యాయమే.