తంబోలానా, రాఫిలా (లక్కీ డ్రా)? కాలిఫోర్నియాలో చిన్న సంఘానికి ఏది మేలు?

పోయిన ఉగాదికి మా సంఘంలో తంబోలా పెట్టాం. టికెట్ ఐదు డాలర్లు, వచ్చిందంతా ఊళ్ళో బడికి బెంచీల కోసమని మైకులో చెప్పాం. జల్దీ ఫైవ్ (అందరికంటే ముందు ఐదు నంబర్లు) కొట్టింది తొమ్మిదేళ్ళ పిల్ల, పులిహోర చేత్తోనే పరిగెత్తుకొచ్చి టికెట్ ఇస్తే నంబర్ల మీద పసుపు మరకలు. అందరూ చప్పట్లు. ఇంటికెళ్ళేటప్పుడు మా ట్రెజరర్ గారు మెల్లగా అడిగారు, "ఇది లీగలేనా అండీ?" అని. ఆ రాత్రి కూర్చుని చదివితే తేలిందేంటంటే, కాదు.

కాలిఫోర్నియా చట్టం లెక్కలో మన తంబోలా కూడా బింగోనే. 75 నంబర్లా 90 నంబర్లా అన్నది వాళ్ళకి అనవసరం. తీసిన నంబర్లు కార్డు మీదున్న వాటితో కలిస్తే బహుమతి, అంతే. 1976లో రాజ్యాంగ సవరణ చేసి ధర్మకార్యాల కోసం బింగోకి దారి ఇచ్చారు కానీ, అనుమతిచ్చే పెత్తనం సిటీలకీ కౌంటీలకీ వదిలేశారు. మీ సిటీ ఆర్డినెన్స్, అంటే స్థానిక చట్టం, చేసి ఉంటేనే ఆట, లేకపోతే పక్క సిటీలో దర్జాగా నడిచేది మీ దగ్గర నేరం.

ఖర్చు సమస్య కాదు. లైసెన్సు ఫీజు మామూలుగా ఏడాదికి 50 డాలర్లు దాటకూడదు (పోలీసు బందోబస్తు ఖర్చు విడిగా వేసే పద్ధతి కూడా ఉంది, మీ సిటీని అడగండి). అసలు తంటా షరతులతోనే. మైనర్లు ఆడకూడదు, ఇదొక్కటి చాలు మన పండగల్లో బింగోని పక్కన పెట్టడానికి, ఎందుకంటే పిల్లల్ని పక్కకి పంపి పెద్దవాళ్ళు మాత్రమే తంబోలా ఆడే ఉగాది నేనెక్కడా చూడలేదు. ఆట నడిపేది సంఘం సభ్యులే అయుండాలి, వాళ్ళకి పైసా జీతం ఇవ్వకూడదు, ఇస్తే జరిమానా 10,000 డాలర్ల వరకూ పోతుంది. బయటివాళ్ళనీ ఆడనివ్వాలి. ఒక్కో ఆటకి బహుమతి 500 డాలర్లు మించకూడదు. స్థలం కూడా సంఘానిదో, లీజుదో, ఊరికే వాడుకోనిచ్చిందో అయి, సంఘం పనులకి వాడేదై ఉండాలి. ఏడాదికోసారి తీసుకునే స్కూల్ కేఫెటేరియా ఇందులోకి వస్తుందా అంటే సిటీవాళ్ళతోనే తేల్చుకోవాలి.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడు నవ్వుతాడు, అక్కడ పిల్లలు అమ్మానాన్నల పక్కన కూర్చుని ఆడొచ్చట, లైసెన్సు ఇచ్చేది కూడా రాష్ట్రమేనట. సరే, వాళ్ళ అదృష్టం.

రాఫిల్, అంటే మన లక్కీ డ్రా, వేరే కథ. 2001 జులై నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే రూలు, సిటీ గుమ్మం ఎక్కే బదులు అటార్నీ జనరల్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, అదీ డ్రాకి కనీసం 60 రోజుల ముందు అప్లై చేస్తే మంచిది. ఇక్కడ అసలు రూలు 90 శాతం: టికెట్ల మీద వచ్చిన మొత్తంలో కనీసం అంత ధర్మకార్యానికే పోవాలి. పదివేలు వస్తే బహుమతులకీ ప్రింటింగుకీ కలిపి వెయ్యి. అంటే మనవాళ్ళు సరదాపడే ఫిఫ్టీ-ఫిఫ్టీ కుదరదు, సగం గెలిచినవాడికి ఇచ్చేస్తే 90 ఎక్కడ మిగులుతుంది? అలాగే వాట్సాప్‌లో ఎంత ప్రచారమైనా చేసుకోండి, టికెట్లు మాత్రం నెట్‌లో అమ్మకూడదు. నంబరున్న టికెట్టు, దానికి చింపే ముక్క, పాతకాలం పద్ధతే. చీరల షాపువాళ్ళో ఎవరో బహుమతులు ఊరికే ఇస్తే 90 శాతం పెద్ద కష్టమేం కాదు.

నా ఓటు రాఫిల్‌కే. సొంత హాలు, వారం వారం వచ్చే జనం, జీతం అడగని పదిమంది వాలంటీర్లు ఉన్న సంఘమైతే బింగో లైసెన్సు తీసుకోండి, పదే పదే ఆడిస్తేనే దాంట్లో డబ్బు కనిపిస్తుంది. ఏడాదికి మూడు పండగలు చేసే మనకి అంత ఓపిక ఎక్కడిది?

మరి తంబోలా మానేస్తామా? మానం. టికెట్‌కి డబ్బు తీసుకోకపోతే జూదం గొడవే లేదు. పక్కన డబ్బా పెట్టి, వేయనివాళ్ళని గుర్రుగా చూస్తే మాత్రం అది ఉచితం అనిపించుకోదు. ఈ దీపావళికి తంబోలా ఫ్రీ, డబ్బులకి రాఫిల్. బహుమతులు ఇచ్చేవాళ్ళు ట్రెజరర్ గారికి చెప్పండి. రైస్ కుక్కర్లు ఇప్పటికే రెండు వచ్చాయి, మూడోది వద్దు.