బాలాజీ కాలనీ వెనక సందులో డీటీపీ షాపు: లోపలి పేజీలకి వెళ్లండి, కలర్ కవరుకి వద్దు

తిరుపతిలో చిన్న పుస్తకాలు ఎక్కడ వేయించాలని అడిగేవాళ్ల కోసం ఇది. మా జూనియర్ కాలేజీ పిల్లలకి పంచడానికి బర్మా రచయిత్రి లూడు డా అమార్ జీవితం మీద 16 పేజీలు రాసి, ఇక్కడ వేయించాను.

మ్యాటర్ వాట్సాప్‌లో పంపితే చాలు. కాకపోతే ఫోన్లో కొట్టే యూనికోడ్ అక్షరాల నుంచి వాళ్లు డీటీపీలో వాడే 'అను' అనే ఫాంటుకి మార్చేటప్పుడు ఒత్తులు రాలిపోతాయి, రెండో ప్రూఫ్ తప్పదు. అంకెలు కూడా మీరే చూసుకోండి. ఆమె నడిపిన లూడు పత్రికని సైనిక ప్రభుత్వం మూయించింది 1967లో. ప్రూఫ్‌లో 1976 అని పడింది. పాపం, ప్రభుత్వం కన్నా వీళ్లే తొమ్మిదేళ్లు దయ చూపించారు!

ఆపరేటర్ కుర్రాడు మాత్రం బంగారం. డీటీపీలో చాలామంది మ్యాటర్ కొడతారు గానీ చదవరు. ఇతను చదివాడు. 1948లో సైనికులు మాండలేలో ఆమె కుటుంబం ప్రెస్సుని డైనమైట్ పెట్టి పేల్చేశారన్న పేరా దగ్గర ఆగి, "మెషిన్లు కూడానా మేడమ్?" అన్నాడు. ప్రెస్సులో పనిచేసేవాడికే వచ్చే అనుమానం అది. నేను 1915లో పుట్టిందంటూ మొదలుపెడితే, "పుట్టిన సంవత్సరం చూడగానే పాఠం అనుకుంటారు మేడమ్, ఆ స్ట్రైక్ ముందుకు తెద్దాం" అన్నాడు. 1936 రంగూన్ యూనివర్సిటీ సమ్మెలో ఆమె ముందు నిలబడినప్పుడు వయసు ఇరవై. సరే అన్నాను. క్లాసులో ఆ పేజీ చూసిన పిల్లలు తర్వాతివీ తిప్పారు. 62 ఏళ్ల వయసులో, 1978లో, భర్త ఊ హ్లాతో, కొడుకుతో పాటు ఆమెని అరెస్టు చేసిన చోట ఒకమ్మాయి "అవ్వనా?" అని గట్టిగానే అంది. 2008లో 92 ఏళ్లకి పోయేదాకా ఏటా పుట్టినరోజుకి రచయితలు ఆమె దగ్గరికి వచ్చేవారన్న చివరి పేజీ కూడా బాగా చదివారు.

లోపల నలుపు ముద్ర శుభ్రంగా ఉంది, సెంటర్ పిన్ గట్టిగా కొట్టారు. కవరుకి లేత గులాబీ అడిగితే ముక్కుపొడి రంగు వచ్చింది. "ఆరితే సర్దుకుంటుంది" అన్నారు ఓనరు గారు. సర్దుకోలేదు. కవరు ఇంకెక్కడైనా వేయించుకోండి.

బిల్లు అడిగి తీసుకోవాలి. మధ్యాహ్నం భోజనాల వేళ షట్టరు సగం దించి ఉంటుంది, వంగి పిలిస్తే పలుకుతారు.