తొంభై మూడు లేని లెక్క: ఆరేళ్లుగా జీటీడీ వాడాక

నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్‌ను పీహెచ్‌డీ కోసం తెరిచాను. పీహెచ్‌డీ అయిపోయినా దాన్ని వదల్లేదు. అందరూ జీటీడీ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. మేరీలాండ్ యూనివర్సిటీలోని స్టార్ట్ అనే పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతుందని, ప్రపంచవ్యాప్తంగా జరిగిన ఉగ్రవాద దాడుల లెక్క 1970 నుంచి అందులో ఉందని ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాబట్టి ఆ పరిచయం వదిలేస్తాను. నాకు చెప్పాలని ఉన్నది ఒక్క సంవత్సరం గురించి. అది 1993.

అప్పుడు నా దగ్గరున్న ఫైలు 2017 వరకు ఉన్నది. లక్షా ఎనభై వేల పైచిలుకు వరుసలు, 135 కాలమ్‌లు. మా కాలేజీలో ఒక చిన్న సెమినార్ పెట్టారు. మన దేశంలో దాడులు ఏ ఏడు ఎన్ని జరిగాయో ఒక గ్రాఫ్ గీసి చూపిద్దామనుకున్నాను. దేశం కాలమ్‌లో ఇండియా ఎంచుకుని, వరుసలను గుంపులుగా లెక్కపెట్టే పైవాట్ టేబుల్‌లో సంవత్సరాల వారీగా లెక్క తీసి, లైన్ గ్రాఫ్ పెట్టాను. పది నిమిషాల పని. గీత చక్కగా వచ్చింది, ఎక్కడా తెగలేదు.

సెమినార్‌కు పిల్లలతో పాటు కొందరు ఊరి పెద్దలు కూడా వచ్చారు. వెనక వరుసలో ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ కూర్చున్నారు. ఆయన మనవరాలు మా దగ్గర సెకండియర్ చదివేది. నేను ప్రొజెక్టర్ మీద గీత చూపిస్తూ ఎనభైల చివర ఏం జరిగింది, తొంభైలలో ఏం జరిగింది అని చెప్పుకుంటూ పోతున్నాను. ఆయన లేచి నిలబడ్డారు.

"సారూ, అండ్ల తొంభై మూడేది?"

ఉంటుంది, చూపిస్తాను అన్నాను. గ్రాఫ్ కింద అంకెల మీద వేలు పెట్టి చూశాను. 1991, 1992, 1994, 1995.

"తొంభై రెండు పక్కకే తొంభై నాలుగు రాసి ఉన్నది. నడిమిట్ల ఏడాది ఏమాయె సారూ? మా ఎస్పీ సారు పోయిన ఏడాది గది."

హాల్లో చప్పుడు లేదు. నా నోట మాట రాలేదు. ఆయన అడుగుతున్నది ఏమిటో ఆ హాల్లో అందరికన్నా నాకే బాగా తెలియాలి. 1993 నవంబరులో కొల్లాపూర్ దగ్గర సోమశిలలో నక్సలైట్ల మందుపాతర పేలి అప్పటి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు, ఆయన వెంట ఉన్న పోలీసులు చనిపోయారు. మాది కొల్లాపూరే. నాన్న ఆర్టీసీ కండక్టర్. ఆ రాత్రి ఆయన ఇంటికి రాలేదు. అమ్మ తెల్లారేదాకా గడప మీదే కూర్చుంది, నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయాను. తెల్లవారి నాన్న వచ్చి చొక్కా విప్పకుండానే బావి దగ్గర నీళ్లు పోసుకోవడం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అలాంటి ఏడాది నా గ్రాఫ్‌లో లేదు. ఆ గ్రాఫ్ గీసింది నేను. దాన్ని రెండు రోజులు తిప్పి తిప్పి చూసిందీ నేనే.

ఆ రాత్రి జీటీడీ కోడ్‌బుక్, అంటే ఏ కాలమ్‌లో ఏముందో, ఏ నియమంతో రాశారో చెప్పే పుస్తకం, మొదటి పేజీ నుంచి కూర్చుని చదివాను. విషయం అందులో దాచకుండా రాసే ఉంది. జీటీడీలో 1970 నుంచి 1997 దాకా ఉన్న సమాచారాన్ని మొదట సేకరించింది పింకర్టన్ అనే ప్రైవేటు భద్రతా సంస్థకు చెందిన విభాగం. ఏ దేశంలో ఎంత ప్రమాదం ఉందో తమ ఖాతాదారులకు చెప్పడానికి వాళ్లు వార్తాసంస్థల కథనాలు, పత్రికలు, ప్రభుత్వ నివేదికలు చూసి ఒక్కో ఘటనకు ఒక్కో కార్డు చేత్తో రాసి పెట్టుకున్నారు. ఆ కార్డుల పెట్టెలు 2001లో మేరీలాండ్‌కు చేరాయి. అక్కడ వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించారు, 2005 చివరికి ఆ పని అయింది. దాదాపు 67 వేల ఘటనలు. కానీ 1993 కార్డులు వాళ్ల చేతికి రానే లేదు. అంతకుముందే ఒక ఆఫీసు మార్పులో పోయాయి. ఒక సంవత్సరం మొత్తం, ప్రపంచం మొత్తం.

ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకుంటే గుండె బరువెక్కుతుంది. జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తున్న ఐపీఎస్ అధికారి వ్యాస్‌ను కాల్చి చంపారు. గ్రేహౌండ్స్ దళాన్ని తయారు చేసింది ఆయనే. ఫిబ్రవరి 26న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద పార్కింగ్‌లో బాంబు. మార్చి 12న బొంబాయి వరుస పేలుళ్లు, 257 మంది చనిపోయారు. నవంబరులో మా సోమశిల. ఇవేవీ ప్రధాన ఫైలులో లేవు.

తరువాత మేరీలాండ్ వాళ్లు పాత వార్తలు తవ్వి 1993ను తిరిగి కట్టే ప్రయత్నం చేశారు. ఉండాల్సిన ఘటనల్లో సుమారు 15 శాతమే దొరికాయి. అంత తక్కువ కాబట్టి వాటిని ప్రధాన ఫైలులో కలపకుండా విడిగా ఇస్తారు. పాత నివేదికల నుంచి దొరికిన దేశాల వారీ మొత్తాలను కోడ్‌బుక్ చివర పట్టికగా పెట్టారు. దొరికిన కొంచెం కలిపేసి సంవత్సరం నిండిందని చెప్పలేదు. ఆ నిజాయితీకి నేను నిజంగా దండం పెడతాను. అయినా నా బాధ అలాగే ఉంది. లోటు ఉందని పుస్తకంలో రాశారు కానీ ఫైలు మాత్రం నోరు విప్పదు. 1993 అని ఒక ఖాళీ వరుస ఉన్నా నా గ్రాఫ్‌లో ఆ అంకె కనిపించేది, నేను ఆగేవాణ్ని. అసలు వరుసే లేనప్పుడు పైవాట్ టేబుల్‌కు ఆ సంవత్సరం పుట్టనే లేదు. 1992 పక్కన 1994 తెచ్చి గీత కలిపేస్తుంది. గ్రాఫ్ సున్నాకు పడిపోయినా అనుమానం వచ్చేది. కలిసిపోయిన గీత మీద ఎవరికీ అనుమానం రాదు. ఇప్పుడు నేను చేసే మొదటి పని, సంవత్సరాల జాబితా వేరే షీటులో చేత్తో రాసుకుని, దాని పక్కన లెక్క తెచ్చుకోవడం. 1993 గడి ఖాళీగా ఉంటుంది, గీత అక్కడ తెగుతుంది. తెగాలి.

ఇంతకుముందు జీటీడీని తోటి లెక్చరర్లకు తెగ పొగిడి చెప్పేవాణ్ని. ఇంతకన్నా నమ్మకమైనది లేదు, ఒక్క ఫైలుతో పని అయిపోతుంది అనేవాణ్ని. ఇప్పుడు ఆ మాటలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

ఒకటి, మన ప్రాంతం మీద పని చేసేవాళ్లకు. రాష్ట్రం కాలమ్‌లో తెలంగాణ అని వెతికితే 2014 జూన్ తర్వాతివి మాత్రమే వస్తాయి. ఘటన జరిగిననాటి రాష్ట్రం పేరే రాస్తారు, అది సరైన పద్ధతే. కానీ 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు చంపిన ఘటన లాంటివి వెతకాలంటే ఆంధ్రప్రదేశ్ కింద చూడాలి. నా విద్యార్థి ఒకడు తెలంగాణ అని పెట్టి, నాలుగు వరుసలు చూసి, మన దగ్గర ఏమీ జరగలేదు సార్ అన్నాడు. పైగా పాలమూరు జిల్లా ఇప్పుడు ఐదు జిల్లాలైంది. ఊరి పేరు ఇంగ్లీషులో ఒక్కో వార్తలో ఒక్కోలా రాసి ఉంటుంది. చివరికి అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని వెతకాల్సిందే. అక్కడ కూడా, ఆ స్థానం ఎంత కచ్చితమో చెప్పే స్పెసిఫిసిటీ కాలమ్ పక్కనే ఉంటుంది, అది చూడకుండా నమ్మొద్దు. అందులో 1 ఉంటే ఊరి స్థానమే. అంకె పెరిగేకొద్దీ చుక్క ఊరి నుంచి దూరం జరుగుతుంది. నల్లమల లోపల జరిగినదానికి ఆ ప్రాంతం నడిబొడ్డున చుక్క పెట్టి ఉండొచ్చు. మ్యాప్ మీద చూస్తే మాత్రం అన్ని చుక్కలూ ఒకేలా కనిపిస్తాయి.

రెండోది మైనస్ 99. దాడి చేసినవాళ్లు ఎంతమందో తెలియకపోతే ఆ గడిలో మైనస్ 99 ఉంటుంది. అది తీసేయకుండా కూడితే మొత్తం సర్వనాశనం. మృతుల సంఖ్యలో కొన్నిచోట్ల భిన్నాలు కూడా కనిపిస్తాయి. ఒకే రోజు వేర్వేరు చోట్ల దాడులు జరిగితే వేర్వేరు ఘటనలుగా లెక్కేస్తారు. 2007 ఆగస్టు 25న హైదరాబాద్ లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 42 మంది పోయారు. ఆ నియమం ప్రకారం అవి రెండు ఘటనలు. అలాంటివాటికి మొత్తం మృతుల సంఖ్య మాత్రమే దొరికితే దాన్ని ఘటనలకు సమానంగా పంచుతారు. కూడినప్పుడు మొత్తం సరిగ్గా రావడానికి చేసిన ఏర్పాటు అది. మనిషి మరణం పక్కన దశాంశం చూసిన మొదటిసారి నాకు మనసు చాలా పాడైంది. ఇప్పటికీ విద్యార్థులకు ఆ కాలమ్ చూపించే ముందు ఒక మాట చెప్పి చూపిస్తాను.

ఇంకో సంగతి మన పల్లెల్లో ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. జీటీడీలోకి రావాలంటే దాడి చేసినవాళ్లు ప్రభుత్వం కాకూడదు. కాబట్టి ఎన్‌కౌంటర్లు అందులో ఉండవు. అది వాళ్లు ముందే చెప్పి పెట్టుకున్న హద్దు, తప్పు అనను. కానీ అచ్చంపేట, దేవరకొండ వైపు ఆ రోజుల్లో ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్న తల్లికి అది సగం లెక్కే. అందుకే ఈ ఫైలు మీద గీసిన ఏ గ్రాఫ్‌కూ నక్సల్ కాలపు హింస మొత్తం అనే పేరు పెట్టను.

2011 నవంబరు నుంచి సేకరణ స్టార్ట్ వాళ్లే సొంతంగా చేశారు. దానికి ముందు వేర్వేరు చేతులు మారింది. కాబట్టి 2012 తర్వాత అంకెలు పెరిగిన చోట అంతా దాడులు పెరగడం వల్లే అనుకోవద్దని వాళ్లే హెచ్చరిస్తారు. పాత సంవత్సరాలతో పోల్చేటప్పుడు నేను 2012 దగ్గర ఒక నిలువు గీత గీస్తాను, అంతే.

మరి ఎందుకింకా వాడుతున్నాను? నా సబ్జెక్టుకు యాభై ఏళ్ల లెక్కను ఒకే చోట చూపే ఫైలు నాకు ఇంకోటి దొరకలేదు. దాడి ఎవరి మీద, ఏ ఆయుధంతో, ఎవరు చేశారు అన్నవి విడివిడి కాలమ్‌లుగా ఉండటం వల్ల డిగ్రీ పిల్లలు కూడా సొంతంగా ప్రశ్నలు వేసుకోగలుగుతున్నారు. ఇది ఉగ్రవాదమా కాదా అని సేకరించినవాళ్లకే అనుమానం ఉంటే, ఆ అనుమానానికీ ఒక కాలమ్ పెట్టారు. నాకు అన్నింటికన్నా నచ్చింది అది. భారత్ వరకు మాత్రమే కావాలంటే, అదీ 2000 తర్వాతివి అయితే, ఢిల్లీ నుంచి వచ్చే సౌత్ ఏషియా టెర్రరిజం పోర్టల్ పక్కన పెట్టుకోండి. నేను రెండూ సరిచూసుకుంటాను. ఇవాళ్టి పరిస్థితి కావాల్సినవాళ్లకు జీటీడీ సరిపోదు, నా దగ్గరున్న ఫైలు 2021 జూన్ దగ్గర ఆగిపోయింది. నాకు పాతవే కావాలి కాబట్టి నాకు నడుస్తోంది. జిల్లా గ్రంథాలయంలో కూర్చుని పాత పత్రికల కట్టలు విప్పే ఓపిక, తీరిక లేనివాళ్లకు ఇదే మాట చెప్పలేను.

ఆ సెమినార్ తర్వాత ఆదివారాలు నేను చేస్తున్నది ఆ పనే. నా ఫైలులో 93 అని ఒక కొత్త షీటు పెట్టాను. పాలమూరు, నల్లగొండ జిల్లాలవి మాత్రమే. కాలమ్‌లన్నీ జీటీడీవే, వాళ్ల నియమాలే. ఘటన నంబరు కూడా వాళ్ల పద్ధతిలోనే, ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, చివర నాలుగు అంకెలు. రోజు తెలియకపోతే వాళ్లు 00 పెడతారు, నేనూ అదే పెడుతున్నాను. మొదటి వరుస సోమశిల. పత్రికలో దొరకని వాటికి ఆ హెడ్ కానిస్టేబుల్ గారికి ఫోన్ చేస్తాను. ఆయన దగ్గర ఒక పాత డైరీ ఉంది, కొన్ని పేజీలు చెదలు తినేశాయి.

పోయిన నెల ఒక పల్లె గురించి అడిగాను. ఊరు గుర్తుంది, చనిపోయినాయన గుర్తున్నారు, తేదీ గుర్తు లేదు. చాలాసేపు ఆలోచించి, "శివరాత్రి జాతర అయినంక సారూ, ఎడ్లబండ్లు ఇంకా తిరిగి రాలే" అన్నారు. నెల రాసుకున్నాను. రోజు దగ్గర 00 పెట్టాను. ఆ ఊరికి వెళ్లి వాళ్ల ఇంట్లో అడగాలి.